చివరి వాసన

ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే జడ్జిగారు గోడ గడియారం వైపు ఓ చూపు చూసి, "భోజనం తర్వాత చెబుదురుగాని లెండి" అని లోపలి తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. జనం కుర్చీలు కిర్రుమనిపిస్తూ లేచారు, టైపు కొట్టే అమ్మాయి వేళ్ళు విరుచుకుంది, ఆమె సాక్షి బోను దిగి వరండాలో గోడవారగా వేసిన చెక్క బెంచీ మీద వచ్చి కూర్చుంది. ప్రశ్న కూడా ఆమె వెంటే వచ్చి పక్కన కూర్చుంది. ఆ మనిషి మిమ్మల్ని రోడ్డు మీంచి లేవదీసినప్పుడు ఆయన నోటి నుంచి ఏదైనా వాసన వచ్చిందా? ఎంత మర్యాద, ఎంత తేనె పూసిన గొంతు! పొద్దుటినుంచి ఈ బీమా కంపెనీ లాయరు ఇదే నోటితో ఏమన్నాడు? చేతులున్నాయి, కాళ్ళున్నాయి, కళ్ళు కనిపిస్తున్నాయి, చెవులు వినిపిస్తున్నాయి, మొహం మధ్యన ముక్కు కూడా చక్కగా ఉంది, ఇక ఈవిడకి పోయిందేమిటండీ అన్నాడు. గదిలో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చెయ్యి పోతే నూటికి ఇంత నష్టమని, వేలు పోతే ఇంతని లెక్కలున్నాయి గాని వాసన పోతే ఎంతో ఎవరూ తేల్చి చెప్పలేదని, పూల వాసన తెలియనంత మాత్రాన మనిషి పనికిరాకుండా పోదని అన్నాడు. అన్నవాడే కాసేపటికి గొంతు మార్చాడు. "మీరు వాసనల్లో ఆరితేరినవారు కదమ్మా. బతుకంతా అదే పని కదా. మీ ముక్కు పొరబడదు కదా." పొద్దున గవ్వకు కొరగాని ముక్కు మధ్యాహ్నానికి బంగారపు ముక్కు అయిపోయింది. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు వెనకే అరికాలి మంట నెత్తికెక్కింది.

పక్కన భర్త భోజనం డబ్బా మూత తీశాడు. మూత తీసిన చప్పుడు తెలిసింది, ఆవిరి చెంపకి తగిలింది, అంతే. "రెండు ముద్దలు తినవోయ్, ఖాళీ కడుపుతో బోనెక్కితే కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పగా ఉంది, వేడిగా ఉంది, మెత్తగా ఉంది. అది ఏమిటో తెలుసుకోవాలంటే డబ్బాలోకి తొంగి చూడాలి. చూడబుద్ధి కాలేదు. ఇంతలో ఆమె తరఫు లాయరమ్మ నల్లకోటు చేతి మీద వేసుకుని గబగబా వచ్చి ఎదురుగా నిలబడింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, అరటిపండు వొలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. "ఆ పెద్దమనిషి ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. కారుకి బీమా ఉంది కాబట్టి ఎంత తేలినా కట్టేది కంపెనీ. కాని నడిపినాయన తాగి ఉన్నాడని తేలిందనుకోండి, కంపెనీ చేతులు దులుపుకుంటుంది. మొత్తం ఆయన నెత్తిన పడుతుంది. ఆ రోజు ఆయన ఎవరింట్లోనో విందు తిని వస్తున్నాడని వాళ్ళు ఇప్పటికే పట్టుకున్నారు. మీ మాట ఒక్కటి తోడైతే చాలు వాళ్ళకి. అర్థమైందా? ఏ వాసనా రాలేదు, గుర్తులేదు అని దిగిపోండి." ఆమె అడిగింది, "ఆయన నెత్తిన పడితే?" లాయరమ్మ ఆమె మొహం వైపు ఒక్క క్షణం చూసింది. "ఆయనకున్నది ఒక ఇల్లు, ఆ కారు. అవి అమ్మించి మీ చేతికి రాబట్టేసరికి మీకూ నాకూ జుట్టు తెల్లబడుతుంది. అసలు రాకపోవచ్చు. మీకు పరిహారం కావాలా, ఆయన్ని రోడ్డున పడెయ్యాలా, అది తేల్చుకోండి. రెండూ ఒకేసారి దొరకవు." భర్త, "అదేం మాటండీ, పరిహారమే కావాలి, ఇంకేం కావాలి" అన్నాడు నోట్లో ముద్దతోనే. కట్టేది కంపెనీ అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. అంటే వాడు ఈ గుమ్మం దిగి, ఆ కారే ఎక్కి, ఆ ఇంటికే వెళ్ళి, రాత్రికి పళ్ళెం ముందు కూర్చుని గాలి పీల్చుకుంటూ అన్నం తింటాడు. ముక్కు పిండి వసూలు చెయ్యడమంటే ఎవరి ముక్కు పిండాలో వాడి ముక్కే పిండాలి గాని, ముక్కూ మొహం లేని కంపెనీని పిండి ఏం లాభం?

ముక్కు మీద కోపం అనేవాళ్ళు ఆమెని చిన్నప్పటినుంచీ, ఇంట్లోనూ బడిలోనూ, తర్వాత సబ్బుల ఫ్యాక్టరీలోనూ. ఆ ముక్కు మీద కోపమే కాదు, కూడూ ఉండేది. వాసన గది అని మూడో అంతస్తులో చివర ఒక తెల్లటి గది, కిటికీలు మూసి, గోడల మీద ఏమీ లేకుండా, పూలు పెట్టుకోకుండా, అత్తరు రాసుకోకుండా లోపలికి రావాలి. కొత్తగా పోసిన సబ్బు ముద్దల్లోంచి ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టి పంపేవాళ్ళు. బాగుందో, ముక్కిందో, నూనె పాతదో, పువ్వు వాసన పలచబడిందో చెప్పేది ఇద్దరే, ఆమె, ఆమెకి పని నేర్పిన పెద్దావిడ. అందరూ ఆవిడని పెద్దమ్మ అనేవాళ్ళు, కూతుళ్ళ వయసువాళ్ళూ, ఆవిడకన్నా పెద్దవాళ్ళూ, చివరికి యజమాని కూడా. నాలుగు ముక్కలు చూసేసరికి ముక్కు మొద్దుబారుతుంది, అప్పుడు మోచెయ్యి మడిచి ఆ మడతలో మొహం పెట్టి తన ఒంటి వాసన తను ఒక్కసారి పీల్చుకోవాలి, పలక తుడిచినట్టు ముక్కు శుభ్రమవుతుంది. ఇదంతా ఒక ఎత్తు, ఆ గదిలో నోరు మూసుకోవడం ఒక ఎత్తు. ఇద్దరూ చూడటం పూర్తయ్యేదాకా ఏ వాసనకీ పేరు పైకి అనకూడదు. గుసగుసగా కూడా అనకూడదు. ఆమె చేరిన కొత్తలో ఒకసారి తొందరపడి మల్లె సబ్బు ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని, ఛీ, తడిసిన కుక్క వాసన, అనేసింది. అంతే. పెద్దమ్మ చేతిలో ముక్క పెద్దమ్మ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత పెద్దమ్మకీ కుక్కే, ముక్క కోసి తెచ్చిన మనిషికీ కుక్కే, కబురు విని పైకొచ్చిన యజమాని కూడా ముక్క వాసన చూసి తడిసిన కుక్కే అన్నాడు, ఆ సబ్బు అంతా గంగలో కలిసింది. సబ్బులో ఏ లోపమూ లేదని తర్వాత తేలింది. కాని ఆ మల్లె రకం ఎప్పుడు వచ్చినా ఆమెకీ పెద్దమ్మకీ మళ్ళీ ఏనాడూ మల్లెలా అనిపించలేదు. పెద్దమ్మ తిట్టలేదు. "వాసనకి ఒళ్ళు ఉండదే అమ్మాయ్, మాట తొడిగితే ఆ మాటే దాని ఒళ్ళయిపోతుంది. తొడిగాక విప్పలేవు" అంది. అప్పుడు ఆమె నవ్వింది, సబ్బుకి కుక్కని తొడిగారని ఫ్యాక్టరీ అంతా నెల్లాళ్ళు నవ్వుకుంది.

ఇప్పుడా గదిలో ఇంకెవరో కూర్చుంటున్నారు. ఆమెని ప్యాకింగ్‌లో వేస్తామన్నారు, దయతోనే అన్నారు, ఆ దయకే ఆమె కడుపు మండి మానేసింది. ముక్కు పోయాక ఆ మెట్లెక్కితే జనం మాటలు ఆపి తన మొహం మధ్యలోకి చూస్తారని ఆమెకి తెలుసు.

ఆ కారువాడి మొహం ఆమెకి తలకిందులుగా తెలుసు. రోడ్డు దాటుతుంటే, తెల్లగీతల మీదే దాటుతుంటే, పచ్చబొమ్మ వెలిగాకే అడుగు వేస్తే, కారు వచ్చి తుంటికి తగిలింది, తల వెనక రోడ్డు గట్టిగా తగిలింది, పైన ఆకాశం, ఆకాశంలోకి ఒక మొహం వంగింది, గడ్డం పైన, నుదురు కింద. అయ్యో అయ్యో అంటున్నాడు. ఒక అరచెయ్యి ఆమె చెంప కింద పెట్టి తల ఎత్తాడు. ఆ అరచేతిలోంచి వచ్చింది, కమలాపండు తొక్క వాసన. అప్పుడే వొలిచిన తొక్క. గోరు దిగినప్పుడు చిమ్మే నూనె, ఆ నూనె కింద తెల్లపొర చేదు, దాని కింద స్టీరింగు పట్టి పట్టి అరచేతికి అంటిన తోలు, అన్నిటికీ అడుగున భయపడ్డ మనిషి చెమట. రోడ్డు మీద పడి ఉండి కూడా, తల కింద వెచ్చగా తడుస్తూ ఉన్నా కూడా, ఆమె ముక్కు దాని పని అది చేసుకుపోయింది, పొర మీద పొర విప్పుకుంటూ. వొలుస్తున్నాడు వీడు. కారు నడుపుతూ కమలాపండు వొలుస్తున్నాడు. ఆ ఆలోచన స్పష్టంగా వచ్చింది, ఆ తర్వాత వాడి కారు వెనక సీటు, తర్వాత ఆసుపత్రి, తర్వాత తెల్లారింది. తెల్లారేసరికి ఆసుపత్రికి వాసన లేదు. మందులకి లేదు, దుప్పటికి లేదు, భర్త తెచ్చిన కాఫీకి లేదు. మొదట ఆమె అనుకుంది, ఎంత శుభ్రంగా ఉంచారో అని.

లోపల వాపు ఎక్కి నరాలు నలిగిపోయాయి, సన్నటి దారాల్లాంటివి, ఇక అతకవు అన్నాడు డాక్టరు. కోర్టు కోసం పరీక్ష చేసింది కూడా ఆయనే. కళ్ళకి గుడ్డ కట్టి ఒక్కో సీసా మూత తీసి ముక్కు కింద పెట్టాడు. ఏమైనా వస్తోందా? లేదు. ఇప్పుడు? లేదు. ఇప్పుడు? లేదు. ఒక సీసా పెట్టగానే ముక్కు లోపల చురుక్కుమంది, కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ఆమె వెనక్కి జరిగి, వాసన లేదు గాని మండుతోంది అంది. డాక్టరు గుడ్డ విప్పి నవ్వాడు. అది నవసారం ఘాటట, అది వాసన నరానికి కాదు, నొప్పి నరానికి తగులుతుందట. దొంగ పేషంట్లు తెలియక దానికి కూడా ఏమీ తెలియడం లేదంటారట, అక్కడ దొరికిపోతారట. "మీరు నిజమే చెబుతున్నారని రాసిస్తానమ్మా" అన్నాడు. రాసిచ్చాడు. ఈవిడ అబద్ధమాడదు అన్న ఆ మాట పొద్దున జడ్జిగారు స్వయంగా పైకి చదివారు. కంపెనీ లాయరు కూడా దాన్ని కాదనలేకపోయాడు.

రాసివ్వని సంగతులు చాలా ఉన్నాయి. పాలు మాడి గిన్నె నల్లబడి పొగ కళ్ళలోకి వచ్చేదాకా తెలియదు. పాడైన కూర వడ్డిస్తే భర్త మారు మాట్లాడకుండా తిని రెండు రోజులు మంచం పట్టాడు, అడిగితే, నువ్వు బాధపడతావని అన్నాడు, ఆ మాటకి ఇంకా బాధపడింది. పొద్దున్నే స్నానం చేసి గుమ్మం దగ్గర ఆగి చెయ్యెత్తి అడుగుతుంది, ఏమండీ, వాసనొస్తున్నానా? అతను మెడ దగ్గరికి వంగి పీల్చి, లేదోయ్, బంగారంలా ఉన్నావు అంటాడు. బంగారానికి వాసన ఉండదు కదా అని ఆమె అనుకుంటుంది. అతని వాసన పోయింది. ముప్ఫయ్యేళ్ళ మొగుడి వాసన, చొక్కా విప్పినప్పుడు వచ్చేది, ఎండకి ఇనుము వేడెక్కినట్టు ఉండేది. ఇప్పుడు చీకట్లో పక్కన పడుకున్నది ఎవరో చెయ్యి పెట్టి చూస్తే గాని నమ్మకం రాదు. తల్లి పోయాక దాచుకున్న శాలువా ఉంది పెట్టె అడుగున, ఎప్పుడైనా తీసి మొహానికి అద్దుకునేది. ఇప్పుడది పాత గుడ్డ. ఇన్ని పోయి ఒక్కటి మిగిలింది. ఆ కమలాపండు. కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చి ఆ రోడ్డు మీదికి వెళితే చాలు, ఆ అరచెయ్యి వస్తుంది, గోరు దిగుతుంది, నూనె చిమ్ముతుంది, నిజంగా వస్తుంది, ముక్కు చివర తడి తగిలినంత నిజంగా. అన్నం తినేటప్పుడు వెళ్ళేది, నిద్ర పట్టనప్పుడు వెళ్ళేది, ఇంకేదీ లేనప్పుడు అదే కదా. ఈ సంగతి భర్తకి చెప్పలేదు, లాయరమ్మకి చెప్పలేదు. సిగ్గు. తనని ఇలా చేసినవాడి చేతి వాసన మీద బతుకుతోందని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? దాన్ని తలుచుకున్న ప్రతిసారీ ప్రాణం లేచి వచ్చేది, ఆ వెంటనే వాడి మీద పళ్ళు నూరుకునేది. దొంగ వెధవ, చివరిది కూడా వాడిదే అవ్వాలా!

ఒకసారి పళ్ళ దుకాణంలో వాడిని చూసింది. వాడు ఆమెని చూడలేదు. ఖర్బూజాలు ఏరుతున్నాడు. ఒకటి తీసి, తొడిమ దగ్గర ముక్కు ఆనించి, కళ్ళు సగం మూసుకుని పీల్చాడు. పెదవి విరిచి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. మళ్ళీ పీల్చాడు. తల ఊపాడు, మెచ్చుకున్నట్టు. ఎవరబ్బ సొమ్మని పీలుస్తున్నాడు? ఎంత పోతే ఎంత మిగిలిందో లెక్క లేకుండా ఎలా పారబోస్తున్నాడు ఆ గాలిని? వెళ్ళి ఆ ఖర్బూజా లాక్కుని వాడి ముక్కు మీదే బద్దలు కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేసింది, చీపురు విసిరింది, ఆ రోజునుంచి పగ ఆమెకి రోజువారీ పని అయింది. వాడికి ఏం పోవాలి అని పడుకునే ముందు ఎంచుకునేది. కళ్ళా? వద్దు, జాలి పడతారు. కాళ్ళా? కుర్చీ తెచ్చిపెడతారు. ఎవరికీ కనపడనిది ఏదో పోవాలి, పోయిందని చెబితే జనం నవ్వాలి, ఉందిగా మొహం మీద అని లాయర్లు అనాలి.

వాడు ఇప్పుడు ఎదురు బెంచీ మీదే ఉన్నాడు. వరండాకి ఆ పక్క, మనుషులు నడిచే దారికి అవతల. ఒక్కడే వచ్చాడు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. జుట్టు పలచబడింది. చొక్కా ఇస్త్రీ సరిగ్గా లేదు. పోయిన వాయిదాకి ఆ బోనులోనే నిలబడి వాడేం చెప్పాడు? ఆవిడ ఫోను మాట్లాడుకుంటూ ఉన్నట్టుండి రోడ్డు మీదికొచ్చేసిందండీ, నేను ముందుకే చూస్తున్నానండీ, బ్రేకు తొక్కానండీ. ముందుకే చూస్తున్నాడట! ఆమె ఫోను సంచీ అడుగున ఉంది, దాని గాజు కూడా పగల్లేదు. ఒకవేళ, అనుకునేది ఆమె అప్పుడప్పుడు, మెత్తబడిన రోజుల్లో, ఒకవేళ వాడికి నిజంగా గుర్తులేదేమో, భయంలో మనుషులు తమకి తాము ఏదో చెప్పుకుంటారు, అదే నమ్ముతారు. ఆ ఒకవేళ ఒక్కటే ఆమె పగకి అడ్డం. వాడు తినడం అయింది. డబ్బా మూతపెట్టి, సంచీలో చెయ్యి పెట్టి, కమలాపండు తీశాడు.

వాడు అలవాటు చొప్పున బొటనవేలి గోరు తొడిమ దగ్గర దింపాడు. తొక్క ఒక్క పట్టు లేచింది. అప్పుడు తలెత్తాడు, ఆమె చూపు వాడి చేతి మీద ఉండటం చూశాడు. వాడి మొహం ఒక్కసారిగా మారింది. తేలు కుట్టిన దొంగలా పండుని గుప్పిట్లో దాచి, గుప్పిటని సంచీలో దాచి, సంచీని బెంచీ కిందికి తోసి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఎవరితోనూ అననిది, ఏ కాగితంలోనూ లేనిది, ఈ లోకంలో ఇద్దరికే తెలిసినది. అంటే తెలుసు. వాడికి తెలుసు! గుర్తుండే, తెలిసే, పండు వొలుచుకుంటూ ఒక మనిషిని పడగొట్టానని ఎరిగే, బోనెక్కి ఆవిడదే తప్పన్నాడు. మెత్తబడ్డ రోజులన్నీ ఆమె లోపల ఒక్కసారిగా గడ్డకట్టాయి.

నిజం చెబితే? కమలాపండు వాసన వచ్చిందండీ, అంటే? జడ్జిగారు ఓహో అంటారు, టైపు అమ్మాయి టకటకా కొడుతుంది, వాడి తప్పు కాస్త బరువెక్కుతుంది, కట్టేది మాత్రం కంపెనీ. పండు వొలిచినవాడికి బీమా వర్తిస్తుంది. వాడు సిగ్గుపడి తల దించుకుని ఇంటికెళ్ళి రాత్రికి మళ్ళీ ఇంకో పండు వొలుచుకుంటాడు. నిజం వాడికి తగలదు. తగిలేది ఒకటే ఉంది, అది ఆమె నాలుక మీద ఉంది. ఆ మాటకి సాక్ష్యం అక్కర్లేదు, ఆ మాట కాదనగల ముక్కు ఈ ప్రపంచంలో ఇంకోటి లేదు, పైగా ఈ ముక్కు అబద్ధమాడదని రాసిచ్చారు కూడా. "ఏం చెబుతావ్?" అన్నాడు భర్త, ఆమె మొహం చూసి భయపడి. "వచ్చింది చెబుతాను" అంది. "డబ్బు సంగతి ఆలోచించవే, ఇంటద్దె ఉంది, నీకు పని లేదు, నా కీళ్ళ సంగతి నీకు తెలుసు, ఏదో మిగిలిన నాలుగు రోజులు..." అతని మాటలు అయ్యేలోపే లోపల్నుంచి పిలిచారు. ఆమె తినని డబ్బా అతని చేతిలో పెట్టి లేచింది.

బోను కమ్మీ చల్లగా ఉంది. కంపెనీ లాయరు కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుని, మర్చిపోయారేమోనని ప్రశ్న మళ్ళీ అడిగాడు. లాయరమ్మ ఆమె వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది, వద్దని. "వచ్చిందండీ" అంది ఆమె. "ఏ వాసన?" "మందు వాసన." గదిలో కుర్చీ ఏదో కదిలింది. కంపెనీ లాయరు తొందరపడకుండా, పండగ ముందు పిల్లాడిలా లోపల్లోపల గెంతుతూ, "ఎలాంటి మందు? తేడాలు మీకు బాగా తెలుసు కదమ్మా" అన్నాడు. ఆమె ఆ మాత్రంతో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. కళ్ళు మూసుకుంది, వాసన గదిలో ఉన్నట్టే నిలబడింది, చెప్పడం మొదలుపెట్టింది. ముందు పుల్లగా వచ్చిందండీ, పులిసిన ద్రాక్షలా, అది కడుపులోంచి వచ్చే వాసన, తాగి గంట దాటితే గాని అలా రాదు. దాని కింద కాలిన చెక్క. చవకరకం కాదు, పీపాలో నిలవచేసిన సరుకు. దాన్ని కప్పెట్టడానికి పైన లవంగం నమిలాడు, పచ్చి లవంగం, ఘాటుగా, కాని లవంగం ముందు వచ్చి ముందే పోతుందండీ, అడుగున ఉన్నది దాగదు. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. ఎన్నాళ్ళయింది ఇలా మాట్లాడి! పొర మీద పొర పేరుస్తోంది, ఒక్కో మాటా దాని చోట కూర్చుంటోంది, గదంతా ఊపిరి బిగపట్టి ఆమె ముక్కుతో పీలుస్తోంది. టైపు అమ్మాయి మొహం చిట్లించింది. జడ్జిగారు తెలియకుండానే వేలితో ముక్కు రుద్దుకున్నారు. ఆమెకి ఒళ్ళు పులకరించింది. పోయిందనుకున్న పని చేతిలోకి మళ్ళీ వచ్చింది, సబ్బు లేకుండా, ముక్కు లేకుండా, ఉత్త మాటలతో. వాడి వైపు చూసి మరీ, "అది నేను ఎక్కడున్నా గుర్తుపడతానండీ" అంది.

"కాదండీ!" వాడు లేచి నిలబడ్డాడు. వాడి లాయరు చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు. "నేను తాగనండీ, పుట్టి బుద్ధెరిగి ముట్టుకోలేదండీ, మా ఇంట్లో అడగండి, ఎవర్నైనా అడగండి. అది కమలాపండండీ. నేను కమలాపండు వొలుచుకుంటున్నాను. వాళ్ళింట్లో విందుకి వెళితే వచ్చేటప్పుడు చేతిలో పెట్టారు, కారులో వొలుచుకుంటూ చూడలేదండీ, చూసేసరికి ఆవిడ ముందున్నారు. ఆవిడ తప్పేమీ లేదు, నేనే అబద్ధం చెప్పాను. అమ్మా, మీకు తెలుసు కదమ్మా, నా చెయ్యి మీ చెంప కిందే ఉంది కదా, కమలాపండు కదమ్మా అది?" వాడి గొంతు ఏడుపులోకి దిగింది. గది ముక్కున వేలేసుకుంది. భర్త నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇదే కావాలనుకుంది ఆమె ఇన్నాళ్ళూ, వాడు అందరి ముందూ ఆ మాట తన నోటితో అనాలని. అన్నాడు. కమలాపండు అన్నాడు, మూడుసార్లు అన్నాడు. మాట చెవిన పడింది. చెవి దగ్గరే ఆగిపోయింది. దాని వెనక ఏమీ రాలేదు.

జడ్జిగారు చెయ్యెత్తి గదిని నిశ్శబ్దం చేశారు. ఆమె వైపు వంగారు. "ఏమ్మా, ఆయన కమలాపండంటున్నారు. తొందరేం లేదు, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఆ రోజు వచ్చిందేమిటి?" దారి ఇంకా తెరిచే ఉంది. అవునండీ కమలాపండే అంటే కంపెనీ కడుతుంది, అద్దె గడుస్తుంది, వాడి తప్పు వాడే ఒప్పుకున్నాడు కూడా. ఆమె కళ్ళు మూసుకుంది. అందరూ చూస్తుండగా మోచెయ్యి మడిచి ఆ మడతలో మొహం పెట్టి ఒకసారి గట్టిగా పీల్చింది, పలక తుడుచుకుంది, తల వెనక్కి వాల్చి రోడ్డు మీదికి వెళ్ళింది. ఆకాశం ఉంది. తలకిందులు మొహం ఉంది. అయ్యో అయ్యో అంటోంది. అరచెయ్యి చెంప కిందికి వచ్చింది, వెచ్చగా, వణుకుతూ. ఆమె ఎదురుచూసింది. ముందు పుల్లగా వచ్చింది. తర్వాత కాలిన చెక్క, ఆ పైన పచ్చి లవంగం, ఘాటుగా, కళ్ళు చెమర్చేటంత నిజంగా. కాదు, కాదు, గోరు దిగాలి, నూనె చిమ్మాలి. మళ్ళీ మొదటినుంచి వెళ్ళింది, తెల్లగీతల మీదనుంచి, పచ్చబొమ్మ దగ్గరనుంచి. ఆకాశం, మొహం, అరచెయ్యి. లవంగం. ఇంకోసారి వెళ్ళింది. పెద్దమ్మ చేతిలో సబ్బు ముక్క ఎందుకో గుర్తొచ్చింది.

"ఏమ్మా?" అన్నారు జడ్జిగారు.

"మందు వాసనేనండీ" అంది ఆమె, కమ్మీ రెండు చేతులా పట్టుకుని. ఈసారి అది అబద్ధం కాదు.